నేను తోమేసిన నంబరు

పోయిన నెల ఒక కుర్రవాడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పాత కార్లను కొని, నట్టు నట్టూ విప్పి, పుట్టినప్పటి రూపానికి తెచ్చి అమ్మడం అతని పనట. చేతిలో ఒక ఫొటో ఉంది. పొడవాటి బానెట్, పుల్లల చక్రాలు, టాపు లేకుండా ఇద్దరే కూర్చునే సీటు. "తాతగారూ, ఇలాంటి స్పోర్ట్స్ కారు ఒకటి మీ వైపు ఉండేదని విన్నాను. ఇవి చాలా తక్కువ తయారయ్యాయి. మొదట ఎవరిది, తర్వాత ఎవరెవరి చేతులు మారింది, ఎవరు బాగు చేశారు, మీకేమైనా గుర్తుందా?" అని అడిగాడు. రాసుకోవడానికి పుస్తకం, పెన్ను కూడా తీసి పెట్టుకున్నాడు.

గుర్తు లేకపోవడమేమిటి! ఆ బండి గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ కాఫీ ఇచ్చి, "ముసలితనం నాయనా, ఏమీ గుర్తుండటం లేదు" అని పంపించేశాను. అతను వీధి మలుపు తిరిగేదాకా అరుగు మీదే నిలబడ్డాను. ఆ తర్వాత సిగ్గేసింది. ఎనభై దాటినవాడికి ఇంకా దేనికి భయం?

అందుకని ఆ కుర్రవాడికి, అతనిలాంటి మెకానిక్కు పిల్లలకు ఇది రాస్తున్నాను. ఇందులో ఇంజను విద్య పెద్దగా ఏమీ లేదు. అది మీకు నాకంటే బాగానే వచ్చు. బండి బాగు చేసేటప్పుడు దేని జోలికి పోకూడదో, పోయాక ఏం చెయ్యాల్సిందో, అది మాత్రం ఉంది.

మద్రాసు నుంచి విడిపోయి మన రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. కర్నూలు రాజధాని. అప్పుడు మా మార్కాపురం కూడా కర్నూలు జిల్లాలోనే ఉండేది కాబట్టి, రాజధాని మా పెరట్లోనే ఉందన్నంత గొప్పగా తిరిగేవాళ్ళం. రోడ్లు మాత్రం అవే కంకర రోడ్లు, గుంతలూ అవే. ఆ గుంతల పుణ్యమా అని మా వర్క్‌షాపుకు పని కరువుండేది కాదు. బడిపిల్లల పలకలు మోసే లారీలు, సర్వీసు బస్సులు, ఎప్పుడైనా ఒక డాక్టరు గారి కారు వచ్చేవి.

వర్క్‌షాపు అనగానే పెద్దగా ఊహించుకోకండి. బస్టాండు పక్కన ఒక రేకుల షెడ్డు, కింద ఒక గొయ్యి, అంతే. మేస్త్రి, నేను, రేకు పని చేసే ఇంకొకతను. మేస్త్రికి అక్షరం ముక్క రాదు. కానీ రోడ్డున పోయే బస్సు చప్పుడు విని "దీని వాల్వు కాలింది, బేస్తవారిపేట దాటదు" అన్నాడంటే అది బేస్తవారిపేట దాటేది కాదు. నేను ఎస్సెల్సీ దాకా చదివి తప్పినవాణ్ణి. అందుకని ఇంగ్లీషులో ఏది రాయాలన్నా చదవాలన్నా నేనే. సామాన్ల కోసం మద్రాసు దుకాణాలకు ఉత్తరాలు రాయడం, దాని నకలు కార్బన్ పెట్టి ఆర్డరు పుస్తకంలో ఉంచడం నా వంతు. ఇరవై నాలుగేళ్ళ వయసు, చేతిలో పని, నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు. నా అంతవాడు లేడనుకునేవాణ్ణి.

అలాంటప్పుడు ఒక పొద్దున కంభం రోడ్డు మీంచి రెండు ఎద్దులు ఒక కారును లాక్కుంటూ వచ్చాయి. ముందు ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు ఎద్దులను అదిలిస్తూ నడుస్తున్నాడు. కారులో యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ కోటు తొడుక్కుని, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. మా షెడ్డు వైపు తిరిగేటప్పుడు చెయ్యి బయటికి చాపి సిగ్నలు కూడా ఇచ్చాడు. లాగేవి ఎద్దులే అయినా రూలు రూలే.

మేస్త్రి బీడీ పారేసి, "ఏంది బావా, ఎద్దులకు లైసెన్సుందా?" అన్నాడు.

"ఎద్దులకేం, దివ్యంగా ఉండాయి. బండే కదల్లేదు. అందుకే నీ కాడికి తెచ్చినాను," అన్నాడాయన, దిగకుండానే.

ఎవరికి ఎవరూ చుట్టాలు కాదు. మా వైపు అంతే, ముందు వరస కలుపుకుని ఆ తర్వాత పని మాట్లాడుకుంటారు. మేస్త్రికి బావ అయ్యాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. డ్రైవర్ మామ అని పిలిచేవాణ్ణి. ఎద్దులు తోలినవాడు ఆయన ఒక్కగానొక్క కొడుకు. వాళ్ళది అర్ధవీడు దగ్గర చిన్న పల్లె. మేకలు, ఇంత మెట్ట చేను.

బండి చరిత్ర ఆయన చెప్పిందే. కంభంలో రైల్వే ఇంజనీరుగా ఉన్న ఒక దొర దాన్ని ఓడ మీద మద్రాసుకు తెప్పించుకున్నాడు. అక్కడి నుంచి గూడ్సు బండిలో కంభం స్టేషనుకు వచ్చింది. ఆ దొరకు పనికి తిరగడానికి ఇంకో పెద్ద మూత కారు ఉండేది. ఇది మాత్రం ముద్దుకు. సాయంత్రాలు చెరువు కట్ట మీద నడిపేవాడు, సెలవు రోజుల్లో నంది కనుమ ఎక్కించేవాడు. ఒకసారి కనుమలో ఎలుగుబంటి ఎదురైతే దొర ఇంజను ఆపి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అది దాటిపోయేదాకా గమ్మున కూర్చున్నాడట. "పక్కన నేను వానకు తడిసినట్టు చెమటతో తడిసినాను అల్లుడా. దొర మాత్రం, ఈ కొండ దానిది, మనం చుట్టపు చూపుగా వచ్చినాం అన్నాడు," అని చెప్పేవాడు మామ. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా ఎలుగు కొంచెం పెరిగేది తప్ప తగ్గేది కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక దొర ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఇంటి సామాను, పెద్ద కారు వేలంలో పోయాయి. ఈ చిన్న బండిని మాత్రం తనకు పదేళ్ళు సేవ చేసిన డ్రైవరుకు ఇస్తున్నట్టు ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరం మామ పొగాకు డబ్బాలో దాచుకున్నాడు. నేనే చదివి చెప్పాను. ఫలానా చాసిస్ నంబరు గల రెండు సీట్ల కారు అని స్పష్టంగా రాసి, కింద సంతకం చేసి ఉంది. రిజిస్ట్రేషన్ పుస్తకం మాత్రం దొర సామాన్లలో ఎక్కడో పోయింది.

మామ ఆ బండిని మేకల కొట్టంలో పెట్టి ఎనిమిదేళ్ళు కాపలా కాశాడు. సీట్ల తోలు, టాపు గుడ్డ మేకలు నమిలేశాయి. లోపలి కట్టె చట్రాన్ని చెదలు తిన్నాయి. మిగిలింది తుప్పు తిన్నది. మేస్త్రి బానెట్ ఎత్తి చూసి, "ఇదేం పిచ్చి బావా? పాత ఇనుముకు ఎయ్యి," అన్నాడు.

"మన పక్క పెండ్లికొడుకు యాడ కూచోని ఊరేగుతుండాడు? ఎద్దుల బండి మీద," అన్నాడు మామ. "ఇట్లాంటి టాపు లేని కారు కంభంలో లేదు, గిద్దలూరులో లేదు, మార్కాపురంలో లేదు. ఎనక గట్టు మీద కూచోబెట్టి, పూలు కట్టి తోల్తే ఊరు ఊరంతా సూస్తది. నేను తోల్తా. నా తర్వాత వీడు తోల్తాడు. మేకల ఎనకాల తిరిగే బతుకు నాతో సరి మేస్త్రీ."

కొడుకు ఎద్దుల మెడ నిమురుతూ నిలబడి, "మా నాయన దొరకు నేర్పించినాడు కనుమలో ఎట్ల తోలాల్నో," అన్నాడు గర్వంగా. నిజానికి నేర్పింది దొరే. మామ ఆ మాట సరిదిద్దలేదు.

ఎనిమిది నెలలు పట్టింది మాకు. సర్వీసు బస్సుల పని చూసుకుంటూ మిగిలిన వేళల్లో దీన్ని ముట్టుకునేవాళ్ళం. చెదలు తిన్న చట్రం స్థానంలో నల్లమల ఏగిస కట్టె వేశాం. బేస్తవారిపేటలో ఎద్దుల బండ్లు చేసే వడ్రంగి వచ్చి, పాత ముక్కలను నేల మీద పేర్చి, వాటిని చూసుకుంటూ కొత్తవి చెక్కాడు. సీట్లకు తోలు చెప్పులు కుట్టే పెద్దాయన కుట్టాడు. మామ ప్రతి సంతరోజూ వచ్చి, ఎవరి పక్కనో ఒకరి పక్కన కూర్చుని, పుల్లల చక్రం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పుల్లా తోమేవాడు.

ఇంజను సామాన్ల కోసం మద్రాసు దుకాణానికి రాస్తే, చాసిస్ నంబరు లేకుండా ఏ సామానూ పంపలేమని జవాబు వచ్చింది. అడుగున ఇనుప చట్రం మీద కొట్టిన అంకెలు తుప్పుకు పోయాయి. ఇంజను యుద్ధకాలంలోనే ఒకసారి మారిందట, దాని నంబరు పనికిరాదు. కానీ బానెట్ కింద, లోపలి గోడకు అరచెయ్యంత ఇత్తడి రేకు ఒకటి ఉంది. మట్టి తుడిస్తే నంబరు కనిపించింది. ఉత్తరంలోని నంబరే. దాన్ని చూసి రాసుకుని, మద్రాసుకు ఆర్డరు పంపి, కార్బన్ నకలు పుస్తకంలో ఉంచాను. తేదీ వేసి, కింద నా సంతకం చేశాను. ఈ నకలు సంగతి నా ఒక్కడికే తెలుసు. మిగతా ఇద్దరికీ ఇంగ్లీషు రాదు, వాళ్ళకు ఆ గోలా లేదు.

సామాన్లు వచ్చాయి. శ్రావణమాసంలో ఇంజను మొదటిసారి పలికింది. మేస్త్రి చెవి ఒగ్గి విని, "దీని తల్లి, గొంతు బాగుందిరా," అన్నాడు. మామ ఖాకీ కోటు చేతులతో కళ్ళు తుడుచుకుని, బయటికి వెళ్ళి సోడా తాగి వచ్చాడు.

ఇక దసరా. ఆయుధపూజ అంటే మా వాళ్ళకు అన్ని పండుగల కంటే పెద్ద పండుగ. ఆ రోజు షెడ్డులో సుత్తి కూడా మెరవాలి. ఇత్తడన్నది ఏదున్నా విప్పి తోమాల్సిందే. మా ఊళ్ళో ఇత్తడి తోమడానికి ఒక పద్ధతి ఉంది. చింతపండుతో పాటు పలకల పొడి వాడతారు. పలకలు నున్నగా రుద్దేటప్పుడు రాలే ఆ పొడి పిండిలా ఉంటుంది కానీ, మందపాటి చెంబును కూడా ఏడాదికేడాది పలచన చేస్తుంది. ఆ సంగతి మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తెలుసు. నాకూ తెలిసి ఉండాల్సింది.

హారన్ గొట్టం తోమాను, దీపాల చుట్టూ ఉన్న కమ్మీలు తోమాను. ఆ వరసలోనే నంబరు రేకు విప్పాను. పది నిమిషాలు రుద్దేసరికి నాలుగో అంకె సగం పోయింది. అప్పుడైనా ఆగాలి కదా! ఆగలేదు. సగం పోయిన అంకె అసహ్యంగా కనిపించింది. మిగతా వాటిని కూడా దానికి సమానం చేద్దామని ఇంకా రుద్దాను. సామాన్లు వచ్చేశాయి, నంబరు నా పుస్తకంలో ఉంది, ఇక దీనితో పనేముంది అనుకున్నాను. మధ్యాహ్నానికి రేకు అద్దమై కూర్చుంది. నా మొహం అందులో కనిపించింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, మళ్ళీ బిగించాను. పండుగయ్యాక వచ్చిన మామ దాన్ని చూసి, "బంగారం చేసినావు కదరా అల్లుడా," అని నా భుజం తట్టాడు. ఆయనకూ తట్టలేదు, మేస్త్రికీ తట్టలేదు.

ఆ పండుగకు మా షెడ్డు ముందు పూలదండలతో నిలబెట్టిన బండిని ఊరంతా చూసింది. చూసినవాళ్ళలో ఒక పలకల షావుకారు ఉన్నాడు. గనులు, షెడ్లు, మూడు లారీలు ఉన్న మనిషి. పండుగయ్యాక, అమ్ముతావా అని మామను అడిగాడు. మామ నవ్వి, "దొర ఇచ్చింది అమ్మితే దొర మొహం సూడగలనా?" అన్నాడు. షావుకారు కూడా నవ్వి వెళ్ళిపోయాడు. అప్పటికే గిద్దలూరు పెళ్ళివాళ్ళు వచ్చి, తమ ఊరేగింపుకు ఈ బండే కావాలని మామ చేతిలో తాంబూలం పెట్టి పోయారు. బండి మామ పేర రాయించుకోవడం ఒక్కటే మిగిలింది.

దానికి బ్రేకు ఇన్‌స్పెక్టరు రావాలి. మోటారు బండ్లను తనిఖీ చేసే ఆఫీసరును మేమంతా అలాగే అనేవాళ్ళం. నెలకొకసారి కర్నూలు నుంచి వచ్చి ట్రావెలర్స్ బంగళా ముందు క్యాంపు పెట్టేవాడు. ఆయన మంచివాడే, చెయ్యి చాపని మనిషి. ఆ రోజు మామను పక్కన కూర్చోబెట్టుకుని స్వయంగా బండి నడిపి చూశాడు. బ్రేకు తొక్కి చూశాడు. దిగి, "ఎవరయ్యా చేసింది? బాగా చేశారు," అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడు షావుకారు తన లారీలోంచి దిగి వచ్చాడు. చేతిలో ఒక కాగితం. దొర సామాను వేలంలో తాను కొన్నట్టు రసీదు. అందులో 'మోటారు కారు, ఒకటి' అని ఉంది, నంబరు లేదు. అది ఆ పెద్ద మూత కారుది. దాన్ని ఆయన ఎప్పుడో అమ్మేసుకున్నాడు. అయినా, "నేను కొన్నది ఇదే సార్. వీడు దాచిపెట్టుకున్నాడు," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. "మద్రాసు నుంచి ఫైళ్ళు ఇంకా కర్నూలుకు మూటలు మూటలుగా వస్తున్నాయి. ఈ బండి ఫైలు ఏ మూటలో ఉందో దేవుడికే తెలియాలి," అని, మామ వైపు తిరిగి, "దొరగారి ఉత్తరంలో నంబరుంది. బండి మీద అదే నంబరుంటే బండి నీదే. ఇప్పుడే రాసిస్తాను," అన్నాడు.

"ఉంది సార్! బానెట్ కింద ఇత్తడి రేకు మీద ఉంది," అని మామ తానే బానెట్ ఎత్తాడు.

అప్పుడు, ఆ క్షణంలో, నేనేం చేశానో నాకు అర్థమైంది.

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. వేలితో తడిమాడు. ఇనుప చట్రం కూడా తుడిపించి చూశాడు, తుప్పు గుంటలు తప్ప ఏమీ లేవు. ఆయన మొహం మారిపోయింది. "నంబరు ఎవరో పనిగట్టుకుని చెరిపేశారు. ఇది దొంగ బండ్లకు చేసే పని. చెరిపినవాడు జైలుకు పోతాడు," అన్నాడు. చుట్టూ ఉన్న లారీ వాళ్ళు గొణుక్కోవడం మొదలుపెట్టారు.

మామ ఒక్క నిమిషం రేకు వైపే చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "సార్, చెరిపింది కాదు. దసరా పూజకు తోమినారు. ఈ అల్లుడే తోమినాడు. సెప్పు అల్లుడా, సారుకు సెప్పు," అన్నాడు. కోపంగా కాదు, నన్ను సాక్షికి పిలుస్తున్నట్టు అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మేస్త్రి అడ్డం వచ్చి, "మాకేం తెలవదు సార్. మా కాడికి వచ్చినప్పుడే రేకు అట్ల ఉండె," అన్నాడు. షెడ్డు మూయిస్తారని ఆయన భయం. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నువ్వు తోమావా? పోనీ, బండి వర్క్‌షాపుకు వచ్చినప్పుడు నంబరు ఎక్కడైనా రాసుకున్నారా? ఒక్క కాగితం ముక్క ఉన్నా చాలు."

ఉంది. ఆర్డరు పుస్తకం ఉంది. ట్రావెలర్స్ బంగళా నుంచి మా షెడ్డుకు పరుగెత్తితే ఐదు నిమిషాలు. తేదీ, సంతకంతో సహా ఉంది. కానీ ఆ పుస్తకం తెస్తే, నంబరు ఉన్న రేకు నా చేతుల్లోకి వచ్చి నంబరు లేకుండా బయటికి పోయిందని కూడా అదే చెబుతుంది. ఇంట్లో నా భార్యకు ఏడో నెల. జైలు అన్న మాట ఒక్కటే చెవుల్లో మోగుతోంది.

"తెలవదు సార్," అన్నాను. "రాసుకోలేదు."

మామ బానెట్ దించాడు. మీరు నమ్మండి నమ్మకపోండి, ఆయన నన్ను తిట్టి ఉంటే ఈ ముసలితనంలో నాకు కొంచెం సుఖంగా ఉండేది. ఎప్పుడూ ఎద్దుల దగ్గర నిలబడే అలవాటున్న కొడుకు ఆ రోజు బండి పక్కన నిలబడి ఉన్నాడు. వాడు నన్ను కాదు, వాళ్ళ నాయనను చూస్తున్నాడు.

బండిని విచారణ అయ్యేదాకా షావుకారు దగ్గర ఉంచమన్నారు. మామను పోలీసు స్టేషనుకు తీసుకుపోయి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి, అడిగిందే అడిగి పంపించారు. కేసు ఏమీ నిలవలేదు. కానీ మా వైపు కేసులు కోర్టులో కంటే టీ దుకాణాల్లో త్వరగా తేలిపోతాయి. కంభం సంతకు పోయేసరికే ఆయన దొర బండి దొంగ. గిద్దలూరు వాళ్ళు వచ్చి తాంబూలం వెనక్కి తీసుకున్నారు. ఆయన మళ్ళీ మా షెడ్డు వైపు రాలేదు.

నేను ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయి ట్రంకు పెట్టె అడుగున పెట్టాను. రేపు పోయి చెబుదాం, పురుడు అయ్యాక చెబుదాం, బారసాల అయ్యాక చెబుదాం. ఇలా ఆర్నెల్లు గడిచాయి. ఎవరూ అడ్డు రాకపోవడంతో బండి కాగితాలు షావుకారు పేర వచ్చేశాయి.

ఆయనకు ఆ బండి మీద మోజు ఒక నెలలో తీరిపోయింది. ఒకరోజు దాన్ని మా షెడ్డుకే పంపాడు. వెనక భాగం కోసేసి, స్టేషనుకు పలకల పెట్టెలు మోయడానికి చెక్క తొట్టి కట్టమన్నాడు. మేస్త్రి రంపం నా చేతికిచ్చి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేనే కోశాను. బేస్తవారిపేట వడ్రంగి రెండు నెలలు చెక్కిన ఏగిస కట్టె అది. గట్టి కట్టె, రంపానికి తొందరగా లొంగలేదు. పెళ్ళికొడుకు కూర్చోవాల్సిన గట్టు ముక్కలై నా కాళ్ళ దగ్గర పడింది. రంపం అక్కడే పారేసి, ఇంటికి పోయి పుస్తకం తీసుకుని అర్ధవీడు బస్సెక్కాను.

ఫొటో తెచ్చిన అబ్బాయీ, నీ లెక్క కోసం మిగతాది ఇక్కడే చెప్పేస్తాను. ఆ తొట్టి బండి రెండేళ్ళు పలకలు మోసింది. బరువుకు ఇరుసు విరిగింది. ఇంజనును ఒక రైతు బావి దగ్గర నీళ్ళు తోడటానికి కొనుక్కున్నాడు. తలుపులు ఎవరి కోళ్ళ గూటికో పోయాయి. ఇక వెతకవద్దు.

మామ పల్లె బయట, కొట్టం ముందు గొంగడి పరుచుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను.

"నాకేం సదువొచ్చు? ఏంది అది?"

"నీ బండి నంబరు మామా. మద్రాసుకు రాసిన ఉత్తరం నకలు. ఆ పొద్దు ఇది షెడ్డులోనే ఉండె. ఇది సూపిచ్చింటే బండి నీకే రాసేవాడు."

ఆయన ఆ అంకెల మీద వేలు ఆనించాడు. "నువ్వు తోమినావని నాకు తెలుసు. తెలవక తోమినావు, దానికేం. ఈ పుస్తకం సంగతి మాత్రం తెలవదు," అన్నాడు. తర్వాత, "ఎందుకు సెప్పలేదురా?" అని అడిగాడు.

"భయమేసింది మామా. నన్ను జైల్లో ఏస్తారనుకున్నా."

"ఊఁ," అన్నాడు. "మరి నన్ను కూచోబెట్టినారు కదా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆపమనలేదు. అయ్యాక, నెమ్మదిగా చెప్పాడు. "బండి పోతే పోనీ. నా కొడుకు సాగరు డ్యాము పనికి పోయినాడు. పొయ్యే ముందర ఒక మాట అడిగినాడు. నాయనా, నిజం సెప్పు, బండి దొర ఇచ్చిందేనా, నువ్వే తెచ్చుకున్నావా అని. ఇరవై ఏండ్లు నా ఇంట్లో తిన్నోడు అడిగినాడు. సెప్పినా, నమ్మినట్టు లేదు. నువ్వు పోయి వానికి ఈ పుస్తకం సూపియ్యి. నాకింకేం వద్దు."

మర్నాడే బయల్దేరాను. మాచర్ల దాకా బస్సు, అక్కడి నుంచి రాళ్ళ లారీ. వేల మంది పని చేస్తున్న చోట అర్ధవీడు పక్క మేస్త్రిలను పట్టుకుని అడిగితే రెండో రోజు దొరికాడు. తల మీద చుట్ట గుడ్డ, దాని మీద రాయి. రాయి దించకుండానే నన్ను చూశాడు. నేను మొత్తం చెప్పాను. పలకల పొడి, పుస్తకం, భయం, ఏదీ దాచలేదు. నకలు చూపించాను.

"మా నాయన పంపినాడా నిన్ను?" అన్నాడు.

"అవును. కానీ..."

"అదే అనుకున్నా. ఆ పొద్దు అంతమంది ముందర తెలవదంటివి. ఇప్పుడు తెలుసంటివి. పుస్తకంలో ఎప్పుడైనా రాసుకోవచ్చు బావా. దొర ఉత్తరంలో నంబరు ఉండనే ఉంది, దాన్ని సూసి రాస్తే సరి. మా నాయన బతిమాలింటాడు, నీకు జాలేసింటుంది." గొంతులో ఎగతాళి లేదు, అలసట ఉంది. "పో బావా. నాకు పని ఉంది." రాయి సర్దుకుని గట్టు ఎక్కిపోయాడు. వెనక నుంచి రెండుసార్లు పిలిచాను. ఆ చప్పుడులో వినిపించలేదో, వినదలచుకోలేదో తెలియదు.

వాడి తప్పేముంది? ఒక మనిషి ఒకే విషయం గురించి రెండు రకాలుగా చెబితే, ఏది నిజమో ఎంచుకునే హక్కు వినేవాడిదే. నేను వాడికి మొదట ఇచ్చింది అబద్ధం. వాడు దాన్నే ఉంచుకున్నాడు.

తిరుగు దారిలో బస్సు కుదుపుల మధ్య మామకు ఏం చెప్పాలో వంద రకాలుగా అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే నిర్ణయించుకున్నాను. ఇకనైనా నిజం చెప్పడం నేర్చుకోవాలి కదా.

నేను వెళ్ళేసరికి ఆయన కొట్టం ముందు నిలబడి దారి వైపే చూస్తున్నాడు. ఎన్ని రోజులుగా చూస్తున్నాడో. "ఏమన్నాడు?" అన్నాడు, నేను ఇంకా దగ్గరికి రాకముందే.

"నమ్మినాడు మామా," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు. "ఎప్పుడొస్తానన్నాడు?"

ఇది నేను ఆలోచించుకుని రాలేదు. "పని తీరంగనే వస్తానన్నాడు," అన్నాను.

ఆయన కొట్టంలోకి వెళ్ళి, మూలన నిలబెట్టిన కొడుకు నులక మంచాన్ని బయటికి లాగడం మొదలుపెట్టాడు. ఎండలో వేస్తే నల్లులు పోతాయన్నాడు. ఒక్కడివల్ల అది గడప దాటడం లేదు. నేను వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాను.